తెర మీద బొమ్మకు ఎన్ని ప్రమాణాలు?

కంప్యూటర్ ఆటలో బొమ్మ కదలాలంటే ప్రోగ్రాం చెప్పేది గ్రాఫిక్స్ కార్డుకు అర్థం కావాలి. ఎలా చెప్పాలో నిర్ణయించే నియమాలనే గ్రాఫిక్స్ ప్రమాణం అంటాం. ఇవి చాలా ఉన్నాయి.

1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ ఓపెన్‌జీఎల్‌ను తెచ్చింది. అన్ని కంప్యూటర్లలో పనిచేయాలన్నది దాని ఆశయం. 1996లో మైక్రోసాఫ్ట్ విండోస్ కోసం డైరెక్ట్‌త్రీడీని తెచ్చింది. 2014లో ఆపిల్ తన పరికరాలకు మెటల్‌ను, 2016లో క్రోనోస్ గ్రూప్ అందరికీ వల్కన్‌ను విడుదల చేశాయి.

ప్రమాణం ఎంత మంచిదైనా ఆపరేటింగ్ సిస్టమ్ ఆదరిస్తేనే నిలుస్తుంది. విండోస్‌తో మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఓపెన్‌జీఎల్ 1.1 దగ్గరే ఆగింది. ఆపై వెర్షన్లకు కార్డు తయారీదారు ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. ఆపిల్ 2018లో మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ వాడకం తగ్గించుకోమని ప్రకటించింది. వల్కన్‌ను నేరుగా తీసుకోలేదు. అక్కడ వల్కన్ ప్రోగ్రాం నడవాలంటే దాన్ని మెటల్‌లోకి మార్చే మోల్టెన్‌వీకే వంటిది కావాలి. లినక్స్‌లో మాత్రం మీసా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్, వల్కన్ రెండింటినీ అందిస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు లేకున్నా ప్రాసెసర్‌తోనే, నెమ్మదిగానైనా, బొమ్మ గీసి చూపుతుంది.

మరి సొంత కంప్యూటర్ కూడా లేని మనలాంటి వాళ్లం ఏది నేర్చుకోవాలి? పాత కంప్యూటర్ దొరికినా లినక్స్ వేసుకుని ఓపెన్‌జీఎల్‌తో మొదలు పెట్టవచ్చు. ఏ ప్రమాణంలోనైనా బొమ్మ ప్రధానంగా త్రిభుజాలతోనే తయారవుతుంది. దాన్ని తిప్పేవి, జరిపేవి మనం ఇంటర్ లెక్కల్లో చదివే మాత్రికలే. కంపెనీలు ప్రమాణాలను మార్చవచ్చు గానీ ఆ లెక్కను మార్చలేవు. కాబట్టి మిత్రులారా, ముందు లెక్క గట్టిగా నేర్చుకుందాం.