చిన్న విమానం – చేతికి మంచి వ్యాయామం



పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ల ఇళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "ఈ చేత్తో ఇంకేం పని చేస్తాంలే!" మా నాన్నగారూ అదే అన్నారు. కుడిచేతిలో పట్టు తగ్గింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికే పది నిమిషాలు పట్టేది. మెత్తటి బంతి నొక్కమని, బట్టల క్లిప్పులు తీసి పెట్టమని ఫిజియోథెరపీలో చెప్పారు. నాలుగు రోజులు చేసి, "ఇదేం పిల్లల ఆట?" అని విసుక్కుని మానేశారు.

వేసవి సెలవులకు దుర్గి వచ్చిన మా అబ్బాయి ఒక ప్లాస్టిక్ విమానం కిట్ తెచ్చుకున్నాడు. మూడో రోజున, "తాతయ్యా, జిగురు ఆరేదాకా ఈ ముక్క కాస్త పట్టుకోవూ" అన్నాడు. నాన్నగారు కుడిచేయి చాపారు. మేము గదిలోనే ఉన్నాం, ఏమీ అనలేదు.

చూసి చెప్పిన విమానం

ఆ కిట్ కాటలినా అనే విమానానిది. "తాతయ్యా, దీనికి చక్రాలేవీ?" అని వాడు అడిగాడు. వాడి కిట్‌లోని రకానికి చక్రాలు ఉండవు. అది నీళ్ల మీద దిగి, నీళ్ల మీంచే లేస్తుంది. అమెరికాలో తయారైన ఈ విమానం మొదట ఎగిరింది 1935లో. గంటల తరబడి సముద్రం మీద తిరిగి, శత్రువు ఎక్కడున్నాడో చూసి కబురు పంపడం దీని ముఖ్యమైన పని. అందుకే దాని ఒంటికి రెండు పక్కలా బుడగల్లాంటి పెద్ద అద్దాలు ఉంటాయి.

1942 ఏప్రిల్ 4న శ్రీలంకలోని కొగ్గల నుంచి బయలుదేరిన ఒక కాటలినా, ఆ దీవికి దక్షిణాన సముద్రంలో జపాను నౌకాదళాన్ని కనిపెట్టింది. దాన్ని నడిపినవారు కెనడా వైమానిక దళానికి చెందిన లియొనార్డ్ బర్చాల్. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాను విమానాలు దాన్ని కూల్చేశాయి. లోపలున్న తొమ్మిదిమందిలో ముగ్గురు చనిపోయారు. మిగిలిన ఆరుగురు యుద్ధం ముగిసేదాకా ఖైదీలుగా ఉన్నారు. కానీ కొలంబోకు ముందుగా హెచ్చరిక అందింది. మరునాడు, ఈస్టరు ఆదివారం ఉదయాన, అక్కడ దాడి జరిగింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాను విమానాలు బాంబులు వేశాయి. ఈ కథ విన్నాక నాన్నగారు ఆ బొమ్మను ఆటవస్తువు అనడం మానేశారు.

కొలత, ఓపిక

ఈ కిట్ అసలు విమానంలో 72వ వంతు. అసలు రెక్కల పొడవు 31.7 మీటర్లు. బొమ్మలో అది 44 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక మూర. మన ఊరి శిల్పులకు ఈ లెక్క కొత్త కాదు. రాయి మీద ముందు కొలత, గీత, ఆ తర్వాతే ఉలి. ఆ పనితనానికే 2017లో దుర్గి రాతి చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాన్నగారు కూడా "ముందు కొలత చూడరా" అంటూ పని మొదలుపెట్టించారు.

ముక్కలను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. చట్రం నుంచి చేత్తో విరిచితే అంచు పాడవుతుంది కాబట్టి కటింగ్ ప్లేయరుతో తీశాం. జిగురు పెట్టకుండా ముందు ముక్కలు కలిపి చూశాం. గరుకు కాగితాన్ని తడిపి అంచులు రుద్దాం. తడిగా రుద్దితే పొడి గాలిలోకి లేవదు. ప్లాస్టిక్ జిగురు అంటే మామూలు గోందు కాదు. అది రెండు అంచులనూ కాస్త కరిగించి ఒక్కటిగా చేస్తుంది. పక్క అద్దాలకు మాత్రం పిల్లలు కాగితాలు అంటించుకునే తెల్ల జిగురే వాడాం. ఘాటు జిగురు తగిలితే అద్దం మసకబారుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు, అంతే. చిన్న పట్టకారుతో ముక్క పట్టడం, వదలడం నాన్నగారి పని. మొదటి వారం ముక్కలు చేతిలోంచి జారిపోయేవి. ఒకసారి పక్క అద్దం కిందపడితే, టార్చిలైటు వేసుకుని మంచం కింద అందరం వెతికాం. "నావల్ల కాదురా" అని లేచిపోయిన రోజులూ ఉన్నాయి. మరునాడు మళ్లీ వచ్చి కూర్చునేవారు.

రంగు దగ్గర మేము చేసిన తప్పు

పునాది రంగు వేశాక అతుకుల్లోని సందులన్నీ బయటపడ్డాయి. రంగు తప్పును కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. మళ్లీ నింపి, మళ్లీ రుద్దాం. ఆ తర్వాత పైభాగానికి సముద్రంలో కలిసిపోయే ముదురు రంగులు, కిందిభాగానికి ఆకాశంలో కలిసిపోయే లేత రంగు. పైనుంచి చూసేవాడికీ కిందినుంచి చూసేవాడికీ దొరక్కుండా ఉండటానికి ఇదే ఉపాయం. ఒకేసారి దట్టంగా వేస్తే కారిపోతుంది. పలచగా మూడు పూతలు వేసి, ప్రతి పూతనూ ఆరనిచ్చాం.

తప్పు ఎక్కడ చేశామంటే, దుమ్ము పడుతుందని తలుపులు, కిటికీలు మూసి స్ప్రే కొట్టాం. అరగంటలో అబ్బాయికి తలనొప్పి, మాకు కళ్లు మంటలు. వెంటనే అందరం బయటికి వచ్చి గాలిలో కూర్చున్నాక తగ్గింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాం కదా అనుకున్నాం. గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందేమో గాని, రంగు ఆవిరిని ఆపదు. అప్పటినుంచి రంగు పని వరండాలోనే.

మీరు చేస్తే ఇవి గుర్తుంచుకోండి

• జిగురు, రంగు, థిన్నరు గాలి ఆడేచోటే వాడండి. పొయ్యి, దీపం, బీడీ దగ్గర వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణీలు ఆ సమయంలో దూరంగా ఉండాలి. నీళ్లలో కలిసే రంగులను బ్రష్షుతో వేసుకుంటే ఘాటు తక్కువ.

• బ్లేడు తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా ఆసుపత్రికి రండి. టెటనస్ ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో చెప్పండి.

• తక్షణం అంటుకునే జిగురుతో వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి.

• చిన్న ముక్కలు పసిపిల్లలకు అందనివ్వకండి. మింగితే ప్రమాదం.

• ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడండి. కళ్లకు, మెడకు విశ్రాంతి.

• పక్షవాతం తర్వాత ఏ చేతిపనైనా ఫిజియోథెరపిస్టును అడిగే మొదలుపెట్టండి. చేతికి స్పర్శ తెలియనివారు బ్లేడు ముట్టుకోవద్దు.

బొమ్మ విమానంతో జబ్బు నయమైందని మేము చెప్పడం లేదు. పని చేసింది మందులు, వ్యాయామం, కాలం. విసుగుపడి వదిలేసిన వ్యాయామం దగ్గరికి ఆయనను రోజూ తీసుకొచ్చి కూర్చోబెట్టింది మాత్రం ఆ విమానమే. బట్టల క్లిప్పులు కూడా మళ్లీ పట్టుకున్నారు, రంగు వేసిన ముక్కలు ఆరబెట్టడానికి!

ఇప్పుడు కాటలినా మా బీరువా మీద ఉంది. ఎడమ రెక్క కాస్త వంగింది. ఎవరైనా వేలెత్తి చూపిస్తే నాన్నగారు, "అది నేను అతికించిందే" అంటారు. చొక్కా గుండీలు ఇప్పటికీ నిదానంగానే పెట్టుకుంటారు. కానీ ఎవరినీ పిలవరు.