చట్టము కొలిచిన తుపాకి

ఎన్నికల ప్రకటన వెలువడిన కొలది దినములలో సూళ్లూరుపేట వంటి మన తీరపు టూళ్లలో నొక దృశ్యము కానవచ్చును. ఊరిలోని పెద్దమనుష్యులు కొందరు గుడ్డసంచులలో చుట్టిన తుపాకులను తీసికొని పోలీసు ఠాణా మెట్లెక్కుదురు. అచ్చట వానిని అప్పగించి, రసీదు పుచ్చుకొని, ఎన్నికలు ముగిసిన పిదప మరల ఇంటికి తెచ్చుకొందురు. తుపాకి యున్న యింటి యిల్లాలికి ఈ రాకపోకలు క్రొత్త కావు. కాని ఆ తుపాకి గొట్టము ఆ కొలతలోనే యేల యున్నది, దాని కాగిత మెవరి పేర నున్నది, ఆ పేరుగల మనుష్యుడు లేకున్న నేమి చేయవలెను అను సంగతు లెరిగిన యిల్లాండ్రు మిక్కిలి యరుదు. అది పురుషుల వ్యవహారమని మనము విడిచిపెట్టితిమి. ఆ పురుషుడు కన్ను మూసిన మరునాడు ఆ వ్యవహారము మన మెడకే చుట్టుకొనును. అందువలన సోదరీమణులకు ఈ నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

మన దేశమున గృహస్థుల యొద్ద నుండు రైఫిళ్లలో ప్రసిద్ధమైనది .315 బోరు రైఫిలు. బోరనగా గొట్టపు లోపలి వెడల్పు. అంగుళమును వేయి భాగములు చేసినచో నందు 315 భాగముల వెడల్పని యర్థము. పోలీసుల యొద్ద చిరకాలముండి, జనుల నోట ‘త్రీనాట్‌త్రీ’ యని పేరొందినది .303 బోరు. ఈ రెంటికిని భేదము అంగుళమున వేయింట పండ్రెండు వంతులు మాత్రమే, అనగా లావుపాటి దారపు పోగంత. రూపమున రెండును అక్కచెల్లెండ్రవలె నుండును. అయినను మొదటిదానిని లైసెన్సుతో నింట నుంచుకొనవచ్చును. రెండవది సామాన్య గృహస్థునకు నిషిద్ధము. ఇంత చిన్న భేదమునకు ఇంత పెద్ద ఫలమేల? దీనికి పూర్వకథ కలదు.

1857 నాటి తిరుగుబాటు తరువాత ఇంగ్లీషు ప్రభుత్వమువారు సిపాయిల చేతికిచ్చు తుపాకుల గొట్టములలో మెలిక చాళ్లు లేకుండ జేసిరి. చాళ్లున్నచో గుండు తిరుగుచు సూటిగా దూరము పోవును. లేనిచో గురి కుదురదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున ఆయుధముల చట్టము వచ్చెను. దానివలన దేశీయులు లైసెన్సు లేనిదే తుపాకి నుంచుకొనరాదు. తెల్లవారికి మాత్రము చిరకాలము మినహాయింపు నడచెను.

ప్రభుత్వమువారి భయము తుపాకి మీదికంటె తూటా మీదనే యెక్కువ. తూటా లేని తుపాకి దుడ్డుకఱ్ఱతో సమానము. పట్టాలముల కొట్లనుండి తూటాలు దొంగిలింపబడి ప్రైవేటు తుపాకులలో బడకుండుటకు వారొక యుపాయము పన్నిరి. పట్టాలపు తూటా పట్టునట్టి బోరు ప్రజలయొద్ద నుండరాదని శాసించిరి. 1907 ప్రాంతమున .450 బోరు ఈ విధముగా మన దేశమునను, సూడాను దేశమునను నిషేధింపబడెను. ఏనుగులను పులులను వేటాడు దొరలకును సంస్థానాధిపతులకును అది ప్రియమైన కొలత. ఇంగ్లండు దేశపు తుపాకి పనివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; చట్టమునకు దొరకకుండ .465, .470, .475, .476 అను క్రొత్త కొలతలను పుట్టించిరి. .303కును అదే గతి పట్టగా, ఇంగ్లండులోని బీ.యస్.ఏ. కంపెనీవారు ఆ తుపాకి యంత్రమునే యుంచి, గొట్టమును మాత్రము ఆస్ట్రియా సైన్యపు తూటాకు దగినట్లు .315 బోరుగా మార్చి మన దేశమున కంపిరి. ఆస్ట్రియా తూటాలు మన పట్టాలముల కొట్లలో లేవు గదా! చట్టమును తృప్తి పరచుటకు ఇదియే చాలెను.

ప్రభుత్వమువారును తమ తుపాకులకు ఇట్టి మార్పే చేసిరి. కలకత్తా సమీపమునందలి ఈషాపూరు కర్మాగారమున .303 తుపాకుల గొట్టములను తొలిచి, చాళ్లు తీసివేసి, .410 బోరుగా జేసి, ఒక పర్యాయమున కొకే తూటా పేలునట్లు మార్చి పోలీసులకును కావలివారికిని ఇచ్చిరి. అవి యొకవేళ పరుల చేతబడినను పట్టాలపు తూటాతో పనిచేయవని వారి యెత్తు. ఈ భయము నిరాధారమైనది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను తూటాలను గొనిపోయిన వృత్తాంతము తెలుగువారి కెల్లరకు విదితమే.

1947లో తెల్లవారు పోయిరి గాని, వారు గీచిన గీత పోలేదు. పాత చట్టమునకు బదులు 1959లో క్రొత్త ఆయుధ చట్టము చేయబడి, 1962 అక్టోబరు 1 నుండి యమలులోనికి వచ్చెను. అందును ‘నిషిద్ధ బోరు’ అను విభాగము నిలిచెను. సొంత ప్రభుత్వపు ఈషాపూరు కర్మాగారమే గృహస్థుల కొరకు .315 రైఫిళ్లను తయారుచేసినది. కావున మన యింటి బీరువాలోని తుపాకి, పనివాడు తన యిచ్చవచ్చినట్లు చేసినది కాదు. చట్టము కొలిచి యిచ్చినది.

చట్టము కొలిచినది గొట్టమును మాత్రమే కాదు, సంఖ్యను కూడ. 1983లో ఒకరికి మూడు తుపాకులకు మించరాదని సవరణ చేసిరి. 2019లో దానిని రెంటికి తగ్గించిరి. తాతలనాటి తుపాకులైనను ఈ లెక్కలోనివే. అంతకు పూర్వమే తుపాకి యొక్క పనియు తగ్గెను. ఒకప్పుడు పులికాటు సరస్సున బాతులను గొట్టుట వినోదముగా నుండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వినోదమునకు తెర దిగెను. 1976లో పులికాటును, దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టును పక్షులకు రక్షిత స్థలములైనవి. నేడు సూళ్లూరుపేటకు రాజహంసలను జూడ వచ్చువారి చేతులలో దుర్భిణులే కాని తుపాకులు లేవు. ఇది సంతోషింపదగిన మార్పే.

ఇక పొలముల కొరకు ఉంచుకొను తుపాకుల మాట. పంటను అడవి పందులనుండి కాపాడుకొనుటకు మూతినుండి మందు కూరు తుపాకికిని, ఆత్మరక్షణకు ఇరువది యంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకికిని చట్టము లైసెన్సు మార్గము చూపినది. పందిని కొట్టుటకు మాత్రము అటవీశాఖవారి యనుమతి వేరుగా కావలెను. గొట్టము పొడవుగా నుండవలెననుటలో అర్థమున్నది. పొట్టి తుపాకి పంచెలో దాగును. పొడవైనది పదిమంది కంట బడును. అందుచేతనే గొట్టమును కోసి పొట్టిచేయుటయు, బొమ్మ తుపాకిని నిజమైన తుపాకిగా మార్చుటయు లైసెన్సు లేనిదే చేయరాని నేరములు. 2019 సవరణతో ఒక తరగతి తుపాకిని మరియొక తరగతిగా మార్చుటయు ఇందు చేరినది. కొలిమిలో గొట్టము మార్పించుకొని వచ్చెదనని కుమారుడో మరిదియో అన్నచో, ఇల్లాలు నిర్మొగమాటముగా వలదనవలెను. ఇట్టి తుపాకి పేలునపుడు గొట్టమే పగిలి, పట్టినవాని చేతినో కంటినో హరింపవచ్చును.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఒక యింట మామగారి కాలపు .315 రైఫిలు కలదనుకొందము. లైసెన్సు భర్త పేర నున్నది. భర్త యకస్మాత్తుగా మరణించెను. కర్మాంతరములు, బంధువుల రాకపోకలు, అప్పుల లెక్కలు, వీని నడుమ బీరువాలోని తుపాకి నెవరు తలంతురు? ఆరు నెలలు గడచును, సంవత్సరము గడచును. ఏ పాపమెరుగని యా వితంతువు ఇంట లైసెన్సు లేని యాయుధ మున్నదను నింద కెదురు నిలువవలసి వచ్చును. లైసెన్సు ఇంటికి కాదు, మనుష్యునికి. ఆ మనుష్యునితోనే దాని బలము తీరును. లైసెన్సు లేక తుపాకి నుంచుకొన్నచో, 2019 సవరణ పిమ్మట, రెండేండ్లకు తక్కువ కాక ఐదేండ్ల వరకు శిక్ష యున్నది. నిషిద్ధ బోరైనచో ఏడేండ్లనుండి పదునాలుగేండ్ల వరకు.

దీనికి మార్గము కష్టమైనది కాదు. చట్టములోని 21వ సెక్షను ప్రకారము అనవసరమైన జాగు చేయక తుపాకిని, తూటాలను సమీపపు ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారి యొద్ద గాని అప్పగించి రసీదు తీసికొనవలెను. అప్పగించినంత మాత్రమున సొత్తు పోదు. వారసులలో నొకరు, ఇరువది యొక్క యేండ్లు నిండినవారు, తమ పేర లైసెన్సు కొరకు జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ వారసుడు కుమారుడే కానక్కరలేదు; భార్యయైనను, కుమార్తెయైనను అర్హురాలే. తక్కిన వారసుల సమ్మతి పత్రములు సిద్ధముగా నుంచుకొనవలెను. ఎవరికిని వలదనుకొన్నచో, అర్హుడైన వానికి చట్టప్రకారము అమ్మవచ్చును. 2016 నాటి నిబంధనల వలన, లైసెన్సుదారుడు డెబ్బది యేండ్ల వాడైన పిదప బ్రదికియుండగనే వారసునకు మార్పించుటకును వీలున్నది. పెద్దలు ఆరోగ్యముగా నున్నపుడే ఈ ముచ్చట ఎత్తుట అమంగళము కాదు. ఇంటి దస్తావేజులు సర్దుకొనుట వంటిదే.

కాగితము సరిగానున్నంత మాత్రమున భయము తీరినట్లు కాదు. పిల్లలున్న యింట గుండు తీయని తుపాకి యుండరాదు. తుపాకికి ఒక తాళము, తూటాలకు మరియొక తాళము, ఆ రెండు తాళపు చెవులకు వేర్వేరు చోట్లు నుండవలెను. దసరాకు ఆయుధపూజ చేయునపుడు బొట్టుపెట్టుటకు ముందు గుండున్నదో లేదో చూపుమని యజమాని నడుగుట ఇల్లాలి హక్కు. లైసెన్సు పుస్తకమెచ్చట నున్నది, దాని గడువెన్నడు తీరును, అందు వ్రాసిన నంబరు తుపాకి మీది నంబరు నొకటియేనా అను మూడు సంగతులు ఇంటి లెక్కల పుస్తకమున మన చేతివ్రాతతో వ్రాసికొనవలెను.

దారపు పోగంత వెడల్పు కొరకు ప్రభుత్వములు నూరేండ్లకు పైగా పట్టుదల బూనినవి. మన బిడ్డలు తిరుగు నింట, మన పేరు నిలుపుకొనవలసిన యింట, ఆ తుపాకిని గురించి మనకు ఆపాటి పట్టుదల యుండనక్కరలేదా? ఈ సాయంకాలము దీపము పెట్టిన పిదప బీరువా తెరిపించి, ఆ లైసెన్సు పుస్తకమును ఒక్కసారి చదువుకొనుడు.