త్రీ నాట్ త్రీ: ఒక బోల్టు తల కథ

అనంతపురము జిల్లా పడమటి కొసను, హగరి యనబడు వేదవతీ తీరమందలి బొమ్మనహాళు, కణేకల్లు ప్రాంతములలో, నది యెండిన కాలమున గాలికి లేచిన యిసుక పొలముల మీద మేటలు వేయుచుండును. అట్టి నేలలో, మోటారు పంపు గానిండు, కుట్టుమిషను గానిండు, తన సందులలో దుమ్మును భరింపనేర్చిన యంత్రమే నాలుగు కాలములు నిలుచును. కానిస్టేబుళ్ల భుజముల మీద చిరకాలము వ్రేలాడిన త్రీ నాట్ త్రీ రైఫిలు అట్టి యంత్రములలో నొకటి. దాని దీర్ఘాయువునకు జనులు ఉక్కుగొట్టమును, గట్టికొయ్యను కారణముగా జెప్పుదురు గాని, ఆ కీర్తిలో పెద్దపాలు చెందవలసినది బొటనవ్రేలి కణుపంతటి బోల్టు తలకని నా యభిప్రాయము.

ఈ రైఫిలు యంత్రమునకు మూలపురుషుడైన జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండు దేశమందలి హావిక్ అను నూర జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో కెనడాకు చేరి, పిదప అమెరికాలో స్థిరపడిన శిల్పి. బోల్టు క్రింద పెట్టెవలె నమరు మ్యాగజైనును 1879లో రూపొందించినది ఆయనయే. ఆయన యంత్రమునకు మెట్‌ఫర్డు గాడులు గల గొట్టమును జతపఱచి 1888లో బ్రిటిషు సైన్యము స్వీకరించెను. కార్డైటు మందు వేడిమికి ఆ లోతులేని గాడులు త్వరగా నరిగిపోవుటచే 1895లో ఎన్‌ఫీల్డు గాడులు వచ్చి, తుపాకికి లీ ఎన్‌ఫీల్డు అను పేరు పడెను. 1907 నాటికి మనమెఱిగిన పొట్టి రూపము స్థిరపడెను. వంగదేశమున, పూర్వము తుపాకిమందు తయారైన ఇచ్ఛాపురపు స్థలముననే రైఫిలు కర్మాగారము వెలసి, ఈ తుపాకులను వేలకొలదిగా తయారుచేసెను. భారతదేశపు పోలీసులను సర్కారు ఎంతవఱకు నమ్మెనో తెలియగోరువారు అదే కర్మాగారమున తయారైన .410 మస్కెట్టును చూడవలెను: అదే బోల్టు, అదే కొయ్య, గొట్టములో గాడులు లేవు, మ్యాగజైను స్థానమున చెక్క దిమ్మ. ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి కాల్చుకొనవలసినదే!

ఇక యంత్రవిషయము. బోల్టనగా ఇంటి తలుపు గడియవంటిదే. ముందుకు త్రోసి క్రిందికి త్రిప్పిన పడును, పైకెత్తి లాగిన వచ్చును. ఇంటి గడియ వదులైనచో గాలికి తలుపు కొట్టుకొనును, అంతియే. ఇచ్చట తలుపును లోపలినుండి త్రోయునది చదరపు అంగుళమునకు 18 టన్నులకు పైబడిన వాయుపీడనము. త్రీ నాట్ త్రీ తూటాకు అడుగున అంచు కలదు; ఆ యంచు తూటాగదియగు చాంబరు ముఖమునకు తగిలి, తూటా మఱింత లోనికి జాఱకుండ నిలుపును. బోల్టు మూసియున్నపుడు బోల్టు ముఖమునకును, చాంబరు ముఖమునకును నడుమ ఆ యంచునకై మిగులు చోటునే హెడ్‌స్పేసు అందురు. అది 0.064 అంగుళమునకు తగ్గినచో మందమైన అంచు గల తూటా మీద బోల్టు మూతపడదు, 0.074 చేరినచో ఆ తుపాకి సేవకు తగదు. ఈ రెంటి యంతరము మిల్లీమీటరులో నాల్గవవంతు.

తగకపోవుట యెట్లనగా: పేలిన క్షణమున ఇత్తడి తొడుగు యొక్క పలుచని ముందుగోడలు ఉబ్బి చాంబరును కఱచిపట్టుకొనును, మందపాటి అడుగుభాగము మాత్రము ఖాళీ యున్నంత మేర వెనుకకు పోయి బోల్టునకు మోదుకొనును. ముందుభాగము కదలదు, అడుగు కదలును; నడుమనున్న ఇత్తడి సాగక తప్పదు. వెలికివచ్చిన ఖాళీ తొడుగును వెలుతురున త్రిప్పి చూచినచో, అంచునకు కొంచెము పైగా, చుట్టును సన్నని మెఱుగు వలయము కానవచ్చును. తుపాకులను బాగుచేయు ఆర్మరరు కన్ను మొట్టమొదట వెదకునది దానినే. ఆ వలయము మఱికొంత సాగినచో తొడుగు రెండు తునుకలగును: అడుగు బోల్టుతో వచ్చును, మిగిలినది చాంబరులో నిలిచి తరువాతి తూటాకు అడ్డుపడును.

లీ నిర్మాణమున బోల్టును తాళమువేసి నిలుపు చెవులు ముందుభాగమున గాక వెనుక నున్నవి. కావున ప్రతి పేలుడునకు బోల్టు నిడివియంతయు లేశమాత్రము నలిగి మరల సాగును, చెవులును, అవి ఆనుకొను గట్లును ఏండ్లకొలది అరుగును, ఖాళీ పెరుగును. ఇతర రైఫిళ్లలో నిట్టి యరుగుదలకు గొట్టమునే విప్పి సరిచేయవలసివచ్చును. లీ బోల్టునకు తల వేఱుగా మరతో బిగియును గనుక, ఆ తలను తీసి కొంచెము పొడవైన తలను తొడిగినచో చాలును. తరువాత వచ్చిన నంబరు 4 రైఫిలునకు ఈ తలలను 0 మొదలు 3 వఱకు అంకెలు వేసి చేసిరి. మన పోలీసులు వాడిన పాత రకమునకు ఆ భాగ్యము లేదు, పెట్టెడు తలలలో సరిపడుదానిని ఆర్మరరు కొలిచి యేఱుకొనవలసినదే.

బోల్టునే పూర్తిగా మార్చవలసివచ్చినపుడు పని యింకను సున్నితము. క్రొత్త బోల్టు చెవులకు దీపపు మసి పూసి, మూసి తెఱచి, మసి రెండు వైపుల సమముగా చెఱగినదో లేదో చూడవలెను. ఒక చెవియే ఆనినచో బరువంతయు దానిపైబడి గుండు గుఱి తప్పును. అది కుదిరిన పిదప తల. తల కుదిరిన పిదప హెడ్‌స్పేసును కొలుచు గేజులు. తూటాను పేల్చు పిన్నును, తొడుగును వెలికిలాగు ఎక్స్‌ట్రాక్టరును తీసివైచి, 0.064 గేజు పెట్టి వ్రేలితో నొత్తినంతనే పిడి క్రిందికి దిగవలెను, 0.074 గేజు మీద దిగరాదు. బలము ప్రయోగించువాడు గేజును గాక తన కండను కొలుచుకొనుచున్నాడు. చివరగా పిన్ను మొన బోల్టు ముఖము దాటి ఒక మిల్లీమీటరు పైచిలుకు వచ్చుచున్నదా యని చూచుట.

ఇందువలననే బోల్టు పిడి మీదను, తుపాకి ఒంటి మీదను ఒకే సంఖ్య చెక్కియుండును. భద్రతకై బోల్టులను ఊడదీసి వేఱొక పెట్టెలో తాళమువేయు చోట్ల, మరల తొడుగువేళ సంఖ్యలు చూడక తొందరపడినచో, పది తుపాకులు పది యపరిచితములగును. చూపునకు అన్నియు నొక్కటియే. ప్రతిదానిలోను పడును, మూతపడును, పేలునుగూడ.

అతి బిగువైన యంత్రము మేలనుకొనువారికి కెనడావారి రాస్ రైఫిలు సమాధానము. గుఱికి పేరొందిన ఆ తుపాకి ప్రథమ ప్రపంచయుద్ధపు బురదలో బిగిసికొనిపోయెను. దాని బోల్టును తప్పుగా కూర్చినను తుపాకిలో నిముడును, కాని తాళము పడదు, కాల్చినవాని ముఖమునకే తిరిగివచ్చును. 1916 నాటికి కెనడా సైనికులకు లీ ఎన్‌ఫీల్డులే చేతికిచ్చిరి. లీ ఎన్‌ఫీల్డు చాంబరు వదులు. హగరి యిసుకకైనను, ఫ్లాండర్సు బురదకైనను కొంత చోటిచ్చును. ఆ వదులుతనమును అదుపులో నుంచునది అంచు వద్దనున్న ఆ స్వల్పమైన కొలతయే.

ఇంకొకటి గలదు. పాత తూటాల ప్రైమరు మందునుండి ఉప్పువంటి మడ్డి గొట్టమున మిగిలి, గాలిలోని తేమను పీల్చి తుప్పు పట్టించును. దానిని నూనె కరగింపదు, మరిగిన నీళ్లే పోయవలెను. త్రాగునీటికై బిందెలు వరుసపెట్టు సీమలో ఈ నియమము కొంత భారమే యైనను, గాలిలో తేమ తక్కువగుట తుపాకులకు మేలే చేసినది.

ఎంతటి పొడవైన తల తొడిగినను పెద్ద గేజు మీద పిడి దిగుచున్నచో, అరిగినది బోల్టు కాదు, తుపాకి యొళ్లే యని యెంచి దానిని కండెమ్ చేయుదురు. కాని ఈ జాతి యంతయు గేజు తీర్పున గతింపలేదు. చీనాయుద్ధానంతరము ఇచ్ఛాపురమువారు అదే రూపును 7.62 తూటాకై మార్చిరి. ఆ తూటాకు అంచు నిలుపుదల లేదు, భుజమే యాధారము గనుక పాత గేజులు దానికి పనికిరావు. పిదప స్వయంచాలక తుపాకులు వచ్చెను. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతులో త్రీ నాట్ త్రీకి సెలవిచ్చిరి. వానిలో 0.074 గేజు మీద పిడి దిగని తుపాకులును ఎన్నియో యుండియుండవలెను.