మార్త ఇంట్లో ఒక శనివారం

ఆఫ్రికాలోని మలావి దేశంలో మేము సువార్త సేవలో ఉన్న రోజులవి. ఊరు బ్లాంటైర్. మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన స్కాట్లాండ్ ఊరి పేరే దానికీ పెట్టారు. ఆ శనివారం సాయంత్రం ప్రార్థన కూటం మా ఇంట్లో. వాక్యభాగం లూకా 10వ అధ్యాయం, మార్త మరియల సంగతి.

తెల్లవారకముందే కరెంటు పోయింది. మోటారు ఆడక నీళ్లూ లేవు. ఇరవైమందికి వండుతున్న అన్నం బొగ్గుల పొయ్యిమీద అడుగంటింది. ఇంతలో పాప వచ్చి ‘తమ్ముడు వణుకుతున్నాడు’ అంది. క్లినిక్‌లో చుక్క రక్తం తీసి చూశారు. మలేరియా! లివింగ్‌స్టన్ భార్య మేరీ 1862లో జాంబెజీ ఒడ్డున జ్వరంతోనే కన్నుమూసింది. దారంతా అదే తలపు.

ఇంటికొచ్చాక ఒకరిమీద ఒకరం అరుచుకున్నాం. ‘కూటం వద్దని చెప్పేద్దాం’ అని ఒకరం, ‘ఏ ముఖం పెట్టుకుని?’ అని మరొకరం. చూస్తే గుమ్మంలో విశ్వాసులు! తెలుగు రాకపోతేనేం, కోపం ఎవరికి తెలియదు?

సంఘపెద్ద భార్య ‘పెపాని’ అంది. చిచెవా భాషలో క్షమాపణకూ ఓదార్పుకూ అదే మాట. బాబును ఒళ్లోకి తీసుకుంది. మిగతా స్త్రీలు మాడిన గిన్నె బయటపెట్టి, మొక్కజొన్న పిండితో న్సిమా వండారు. అచ్చం మన సంకటే.

ఆ సాయంత్రం మేము ప్రసంగించలేదు. మా కోపాన్ని అందరిముందూ ఒప్పుకున్నాం. వాళ్లే పాడారు, వాళ్లే వాక్యం చదివారు, బాబుమీద చేతులుంచి ప్రార్థించారు. మేము నేలమీద కూర్చుని విన్నాం.

పొద్దుపోయాక బాబు లేచి రెండు ముద్దలు తిన్నాడు. కరెంటు మాత్రం మర్నాటికిగాని రాలేదు.