ముత్యాలు పోయిన తరువాత

పెంచిన పిల్లి పోయిన యింటికి మరల పిల్లిని తెచ్చుట తగునా, తగదా? తెచ్చినచో ఎప్పుడు తేవలెను? ఒకటి తేవలెనా, రెండు తేవలెనా? ఇవి చిన్న ప్రశ్నలుగనే తోచును. కాని యట్టి యిల్లాలి మనస్సున కవి చిన్నవి కావు. మాకు తోచిన సమాధానము చెప్పుటకంటె మాకు జరిగిన సంగతి చెప్పుటయే మేలని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురాలో. పూర్వము నగరము చుట్టును కోటగోడయు, దానికి పదుమూడు దర్వాజాలును ఉండెడివి. వానిలో నేటికి నిలిచినవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మా పేట దర్వాజా. ఇచ్చటి పాతయిండ్లు మిద్దెకు మిద్దె ఆనుకొని యుండును గనుక పిల్లులకు వీధులతో పనిలేదు; మిద్దెల మీదుగనే పేటయంతయు చుట్టివచ్చును. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునను సామెత మా పేటను జూచియే పుట్టినదేమో యనిపించును. పొరుగువారు చాలమంది ముసల్మానులు. వారికి పిల్లులయెడ ప్రీతి మెండు. ప్రవక్త సహచరులలో నొకరు అబూ హురైరా యను పేరుతోనే ప్రసిద్ధులైరి; ఆ పేరునకు పిల్లికూన తండ్రి యని యర్థము. పిల్లి మూతి పెట్టిన నీరు మైల కాదని వారి సంప్రదాయము. మనమో, పిల్లి యెదురు వచ్చిన ప్రయాణ మాపుదుము; దానిని చంపినచో మాత్రము బంగారు పిల్లిని చేయించి దాన మీయవలె నందుము.

నిరుటికి ముందటి వానకాలములో నొకనాడు తెల్లని కూన యొకటి మిద్దె దిగివచ్చి మా అత్తగారి యొడిలో జేరినది. ముత్యాలకు పేరుపొందిన నగరము గదా యని పిల్లలు దానికి ముత్యాలని పేరు పెట్టిరి. మా మామగారు కాలము చేసిన సంవత్సర మది. అత్తగారు ఎవ్వరితోను మాటలాడక గోడవైపు తిరిగి పరుండెడివారు. అట్టివారు ఆ పిల్లితో మాటలాడ మొదలుపెట్టిరి. తెల్లవారుజామున దబీర్‌పురా స్టేషనులో రైలుకూత వినబడగానే అది వారి పాదములకడ లేచి ఒళ్ళు విరిచుకొనెడిది. వారును లేచి పొయ్యి ముట్టించెడివారు. ఆ యింట మరల ప్రొద్దు పొడిచిన దా పిల్లివలననే యని మేము నమ్మితిమి.

కార్తికమాసములో ముత్యాలు అన్నము మానినది. రెండుమారులు పచ్చని పసరు కక్కినది. నీళ్ళగిన్నె ముందు కూర్చుండి, తల దానిపై వ్రేలవైచి, నీరు మాత్రము త్రాగదు. వేడిచేసిన దనుకొని మజ్జిగ పట్టితిమి. ఒకదినము చూతమంటిమి, మరియొక దినము చూతమంటిమి. మూడవనాడు పశువైద్యునికడకు తీసికొనిపోగా, రక్తము పరీక్షించి, ఇది పాన్‌ల్యూకోపీనియా యను అంటువ్యాధి యనియు, శరీరమును కాపాడు తెల్లకణములు అడుగంటిన వనియు చెప్పిరి. “సూదులు వేయించితిరా?” యని యడిగిరి. మేము తల వంచుకొంటిమి. మరునాటి రైలుకూతకు అత్తగారొక్కరే లేచిరి.

పెరటి జామచెట్టు క్రింద దానిని పూడ్చితిమి. పిల్లికింత యేడ్పా యని నవ్విన బంధువులును లేకపోలేదు. కాని యీ దుఃఖము నేటిది కాదు. ఈజిప్టు దేశమున పెంపుడు పిల్లి చచ్చినచో ఇంటిల్లిపాదియు కనుబొమ్మలు గొరిగించుకొనెడివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యునికి చేరువనే పిల్లిని పూడ్చియుండుటను పండితులు కనుగొని 2004లో ప్రకటించిరి. మాకు దుఃఖముకంటె సిగ్గు హెచ్చుగా నుండెను. ఆ వ్యాధి రాకుండ టీకా కలదు. దాని సంగతి మేము విచారింపనైన లేదు. అత్తగారు పిల్లిగిన్నెను తోమి గూటిలో బోర్లించి, “ఇక ఈ యింట పిల్లి వద్దు” అని ఊరకుండిరి. మరల గోడవైపు తిరిగి పరుండ సాగిరి.

మూడువారములు గడచినపిదప పొరుగింటి ఖాలాజాన్ వచ్చిరి. వారి పిల్లి యీనిన కూనలలో రెండు మిగిలియుండెను. వానికి నెల నిండవచ్చినది. “బేటీ, ఈ రెండిటిని వేరే ఎవరికీ ఇయ్యను. మీ అమ్మ ఒడికే ఇస్త” అనిరి. అత్తగారి ముఖము చూచి మేమా సాయంకాలమే తెచ్చుకొన దలచితిమి. అదృష్టవశమున ముందుగా వైద్యుని అడిగితిమి. వారు మాటయైన పూర్తిగా విననీయక వలదనిరి. ఆ వ్యాధిని కలిగించు క్రిమి, పిల్లి పోయినను ఇంటినేలలో, బొంతలలో, గిన్నెలలో ఏడాది వరకును బ్రదికియుండగలదట. టీకాలు వేయని కూనను ఆ యింట దింపుట మృత్యువు నోట పెట్టుట యని చెప్పిరి. మనుష్యులకది అంటదు, కాని మన చెప్పులకు, చీరకుచ్చెళ్ళకు అంటుకొని మరియొక యింటి పిల్లిని చేరగలదు. సోదరీమణులారా, దుఃఖ మార్చుకొనుటకై మరునాడే కూనను తెచ్చుకొన దలచువారు ఈ మాట మరువరాదు. మొదట పిల్లి దేనివలన పోయినదో తెలిసికొనవలెను. ముసలితనమున పోయిన యింటికిని అంటువ్యాధితో పోయిన యింటికిని ఒకే నియమము చెల్లదు.

అందుచే కూనలను తల్లికడనే యుంచి అచ్చటనే టీకాలు వేయింప నిశ్చయించితిమి. మొదటిది ఎనిమిది వారములకు, రెండవది పండ్రెండు వారములకు, కడపటిది పదునారు వారములకు. పండ్రెండవ వారముననే పిచ్చికుక్క రోగము రాకుండు టీకాయు వేయించితిమి. ఈలోపల ముత్యాలు పరుండిన బొంతను గోనెను తగులబెట్టితిమి. గదులను సబ్బునీటితో కడిగి, పిమ్మట బ్లీచింగు ద్రావకము ఒకపాలునకు నీరు ముప్పదిరెండు పాళ్ళు కలిపి నేలపై పది నిమిషములు నిలువయుంచి కడిగితిమి. ఫినాయిలు వాడలేదు. మనయిండ్లలో నిత్యము వాడు ఆ ఫినాయిలు పిల్లులకు విషము. పాదములకంటినదానిని నాకి ప్రాణము మీదికి తెచ్చుకొనును.

పొరుగింటికి పోవునపుడెల్ల చీర మార్చి, చెప్పులు విడిచి, చేతులు కాళ్ళు కడుగుకొని పోయెడివారము. ఇది చూచి అత్తగారు ఎన్నాళ్ళకో నవ్వి, “మనుషుల మడి చూశాను గాని పిల్లుల మడి ఇప్పుడే చూస్తున్నాను” అనిరి. రెండవ సూదినాడు ఖాలాజాన్‌కు మోకాళ్ళనొప్పి వచ్చి కదలలేకపోయిరి. బుట్ట పట్టుకొనుట కెవ్వరును లేరు. అత్తగారు తామే లేచి, చీర మార్చుకొని, ఆటోలో బుట్టను ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. “దానికి వేయించని సూది వీటికైనా వేయిద్దాం” అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. మాకును కనులు చెమర్చెను.

శివరాత్రి వెళ్ళిన పిమ్మట కూనలు ఇల్లు చేరినవి. ఎఱ్ఱనిది మగది, పగడము. బూడిదవన్నెది ఆడుది, నీలము. పిల్లలు ఒకదానికి ముత్యాల పేరు పెట్టుద మనగా అత్తగారు ఒప్పుకొనలేదు. ఆ పేరు జామచెట్టు క్రింద నున్న దాని దనిరి. అది సరియైన మాట. పోయినదాని స్థానమున కూర్చుండుటకై వచ్చిన కూన యెన్నడును దానివలె నుండజాలదు. ఆ లోపము కూనది కాదు.

రెండేల యని యడుగువారు కలరు. ఒంటి కూన రాత్రులందు మన చేతులతో పాదములతో ఆటలాడి కరచుట కలవాటుపడును. తోబుట్టువు లిద్దరున్నచో ఒకదాని నొకటి కరచి, నొప్పి యెట్టిదో తెలిసికొని పండ్ల బిగువు తగ్గించుకొనును; తోచక అరచుటయు తక్కువ. ఐనను రెంటికి కర్చు రెండింతలు. గిన్నెలు వేరుగా నుండవలెను. ఇసుకతట్టలు పిల్లికొకటి చొప్పునను, పైన మరియొకటియు, మూడు పెట్టవలెను. వచ్చిన కొన్ని దినములు ఒక్క గదిలోనే యుంచి, ఆ గది వాసన అలవడినపిదప తక్కిన యిల్లు చూపవలెను. ఆడుదియు మగదియు ఐనచో తోబుట్టువు లనియైన చూడక నాలుగైదు మాసములకే కూడగలవు గనుక, మేమొక నెలలోనే రెంటికిని శస్త్రము చేయించితిమి. ఇట్టి పనులకు నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల కలదు.

ఇక ఆహారము. మాది శాకాహారుల యిల్లు. ముత్యాలకు పెరుగన్నమే పెట్టితిమి. మిద్దె దాటి ఖాలాజాన్ కడ ఖీమా తినుచుండుటచేతనే అది గడచినది. టారిన్ అను పదార్థమును పిల్లి శరీరము చాలినంత చేసికొనజాలదు, అది మాంసమున మాత్రమే సమృద్ధిగా నుండును. అది లోపించినచో కన్ను చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పాలన్నమును పెరుగన్నమును మన వాత్సల్యమే గాని వాని ఆహారము కావు. పెద్ద పిల్లులకు చాలవరకు పాలు అరుగనే అరుగవు. ఇపుడు టారిన్ చేర్చిన పిల్లియాహారము అంగడిలో దొరకుచున్నది. దానిని పెరటి అరుగుపై వేరు గిన్నెలలో పెట్టుచున్నాము. “మన మడి మనకు, వాటి తిండి వాటికి” అని అత్తగారే తీర్పు చెప్పిరి.

మరి రెండు హెచ్చరికలు. పిల్లికి జ్వరము తగిలినచో మనము మ్రింగు పారాసిటమాల్ బిళ్ళ నెన్నడును వేయరాదు; ఒక్క బిళ్ళయే దాని ప్రాణము తీయగలదు. ఇంట గర్భిణి యున్నచో పిల్లిని వెళ్ళగొట్ట నక్కరలేదు. ఇసుకతట్టను మాత్రము ఇతరులు ప్రతిదినము శుభ్రపరుపవలెను. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి మలములో ఒకటి రెండు దినములు నిలిచినపిదపనే అంటుకొనదగిన దగును గనుక, ఏనాటి దానాడు తీసివేసిన భయము చాలవరకు తీరును.

మరల పిల్లిని తెచ్చుట పోయినదానికి ద్రోహము కాదు. పోయినదానికి మనము చేయక విడిచిన పనిని వచ్చినవానికి చేయకుండుటయే ద్రోహము. కూన యింట నడుగిడకమునుపే టీకాలు ముగియవలెను, ఇల్లు శుభ్రపడవలెను. పిల్లి ఒకపూట తిండి మానినను, రేపు చూత మనుకొనరాదు. ఇది మేము ముత్యాలను పోగొట్టుకొని నేర్చిన పాఠము.

గూటిలో బోర్లించిన గిన్నె నేటికిని బోర్లించియే యున్నది. కూనలకు క్రొత్తగిన్నెలు కొంటిమి. తెల్లవారుజామున రైలుకూత వినబడునప్పటికి రెండు కూనలు అత్తగారి కంబళిపై కుస్తీ పట్టుచుండును. వారు విసుగుకొనుచు లేచి, పొయ్యి ముట్టింతురు.