గిన్నె ఖాళీగా వెళ్లకూడదు

పక్కింటి నుంచి గిన్నెలో పులిహోరో పప్పుచారో వచ్చిందనుకోండి. ఆ గిన్నెను తోమి ఊరికే తిరిగిచ్చే అలవాటు మన ఇళ్లలో లేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి పంపుతారు. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకున్నది కూడా ఇందుకే. గిన్నెలు వీధంతా తిరిగేవి కాబట్టి ఎవరిది ఎవరికి చేరాలో తెలియాలి. ఇప్పుడు పండగొస్తే స్వీటుషాపు అట్టపెట్టెలు చేతులు మారుతున్నాయి. అందులో తప్పు లేదు. కానీ పెట్టెకు బదులు పెట్టె పంపితే లెక్క చెల్లిపోతుంది. ఇంట్లో చేసి ఇచ్చినదానికి ధర కట్టలేం. బాకీ తీరదు, రాకపోకలు ఆగవు.

నలుగురు కూర్చుంటేనే సకినం

సంక్రాంతి దగ్గర పడితే తెలంగాణ ఇళ్లలో సకినాల పని మొదలవుతుంది. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడగట్టి, తడి మీదే పిండి పట్టిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. అసలు విద్య ఆ కలపడంలోనే ఉంది. పిండి గట్టిగా ఉంటే చుట్టేటప్పుడు తెగుతుంది, జారుగా ఉంటే నిలబడదు. నేల మీద నూలు గుడ్డ పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని సన్నగా మెలిపెడుతూ చుట్టు పక్కన చుట్టు తిప్పుతారు. కాసేపటికి గుడ్డ తడిని పీల్చుకుంటుంది. అప్పుడు సకినం విరగకుండా పైకి తీసి నూనెలో వేస్తారు. ఎర్రగా వేగనివ్వరు. తెల్లగా ఉండాలి, నోట్లో కరకరలాడాలి.

ఇది ఒక్కరు చేసే పని కాదు. అందుకే ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుంటారు. చేతులు పిండిలో ఉంటాయి, నోళ్లు మాటల్లో ఉంటాయి. కొత్తగా పెళ్లయిన ఆడపిల్ల ఉంటే పని రెండింతలు. పుట్టింటి నుంచి సకినాలు అత్తారింటికి వెళ్లాలి, అక్కడ వీధి వీధంతా పంచాలి. ఒక ఇంటి ఆడవాళ్ల చేతి పనితనం వేరే ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల నోట పడి మెప్పు పొందుతుంది. ఇంతకంటే గౌరవమైన కానుక నాకు తెలియదు.

కోస్తాలో ఆ స్థానం అరిసెది. కొత్త బియ్యం తడిపిండి, బెల్లం పాకం, అంతే. పాకాన్ని చల్లటి నీళ్ల గిన్నెలో చుక్క వేసి వేళ్లతో పట్టుకుంటే మెత్తటి ఉండ కట్టాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకు పని చెబుతుంది. పొయ్యి దగ్గర గడియారం పనికిరాదు, వేళ్లే చెప్పాలి. ఇదే పాకంపిండిని వేయించకుండా నెయ్యీ, కొబ్బరిముక్కలూ కలిపి ఉంచితే చలిమిడి. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడూ, సీమంతం నాడూ ఆమె ఒళ్లో పెట్టేది అదే. కడుపు చల్లగా ఉండాలన్న అమ్మ కోరికను బియ్యంపిండితో, బెల్లంతో చెప్పే పద్ధతి అది.

పాత చీరలో కొత్త బిడ్డ

వంటింటి అవతల మనవాళ్లు చేసిన కానుకల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బొంత. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట గరుకు. అందుకే ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు వెతికి తీస్తారు. చిరుగులున్న చోట కత్తిరించి, మడతలు మడతలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి వరసలుగా దూరపు కుట్టు వేస్తారు. కుట్టే కొద్దీ పొరలన్నీ ఒకటవుతాయి. ఆ బిడ్డ పెద్దయ్యాక బొంత మీద వేలు పెట్టి అడిగితే, ఈ నీలిరంగు అమ్మమ్మ చీర, ఈ గళ్లది తాతయ్య లుంగీ అని చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుంటారు. డబ్బు ఖర్చు లేదు, ఏ ముక్కా వృథా కాదు. పిల్లలకు ఇంటి చరిత్ర కప్పుకునేంత దగ్గరగా ఉంటుంది.

బతుకమ్మ మరో దారి. తంగేడు, గునుగు, బంతి పూలను వరసలుగా పేర్చి, తొమ్మిది రోజులు ఆడి, చివరికి చెరువులో వదులుతారు. దాచుకోవడానికి చేసిన పని కాదది. చేస్తున్నప్పటి సంతోషమే దాని ఫలితం. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల పొడి, పల్లీల పొడి, మలీద చేతుల్లో పెట్టుకుని ఒకరికొకరు పంచుకుంటారు.

తీరిక పని అనకండి

ఈ మురిపెంలో ఒక అన్యాయాన్ని మరిచిపోకూడదు. నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్లు అల్లే లేసు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. ఆ లేసు విదేశాలకు వెళ్లింది. అల్లినవాళ్లను మాత్రం ఇంట్లో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే లెక్కగట్టారని, అందుకే కూలి అంత తక్కువని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో వాదించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకు అంతకు ముందు ఏడాది, 2023లో వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పలచటి బియ్యప్పిండి నీళ్లు. గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే పొర తేలుతుంది. కాగితం కన్నా పలచగా ఉండే ఆ రేకు వెనక రోజంతా మంట సెగలో కూర్చున్న మనిషి ఉంది.

ఇష్టంతో చేసి ఇచ్చేది వేరు, బతుకుతెరువు కోసం చేసేది వేరు. మొదటిదానికి ధర అడగకూడదు. రెండోదానికి ధర తగ్గించమనకూడదు. పచ్చళ్లు, పొడులు, బొంతలు అమ్ముకునే ఆడవాళ్ల దగ్గర పదీ ఇరవై కోసం బేరమాడటం నాకు సబబుగా కనిపించదు.

చెయ్యి కొలత

అమెరికా బయల్దేరే పిల్లల 23 కిలోల పెట్టెలో ఆవకాయ సీసాకు టేపు చుట్టి, కవరు మీద కవరు తొడిగి, బట్టల మధ్యన సర్దడం ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్న దృశ్యమే. ఆ సీసా అయిపోయాక పిల్లలు ఫోన్ చేసి అడుగుతారు, ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అని. అమ్మ చెప్పే జవాబు ఒకటే: ‘‘చూసి వేసుకోవాలి నాన్నా.’’ ఆమె తప్పేమీ లేదు. సోలతో, తవ్వతో, గుప్పిటతో నేర్చుకున్న పని అది. మూడో రోజు జాడీ మూత తీసి కలిపేటప్పుడు ఉప్పు సరిచూసుకోవాలన్నది ఆమె నాలుకకు తెలుసు. కాగితం మీద మాత్రం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సున్నుండలు సులువు. పొట్టుతీయని మినుములైనా, మినపప్పైనా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా ఓపికగా వేయించాలి. పొడి చేసి, తరిగిన బెల్లం కలిపి, కాచిన నెయ్యి పోస్తూ ఉండ చుట్టడమే. పాకం భయం లేదు. అబ్బాయిలైనా, అమ్మాయిలైనా ఒక పూటలో చేసేయొచ్చు. మొదటిసారి ఉండలు ఒకే సైజులో రాకపోతే రాకపోనీయండి. తీసుకున్నవాళ్లు కొలిచి చూడరు.

మీ ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, మేనత్తో ఉంటే ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు గుప్పిటతో వేసేదాన్ని ముందు ఒక గిన్నెలో పోయించుకుని తూకం వేయండి. ఏ పేరుతో పిలుస్తారో, ఏ పండక్కి చేస్తారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడిగి నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.