పచ్చ తేయాకు: కాచు విధము, పరీక్షించు విధము

మన యిండ్లలో పాలును చక్కెరయు చేర్చి కాచుకొను టీ నల్ల తేయాకుతో చేయబడునది. చైనా దేశీయులు హెచ్చుగా త్రాగునది పచ్చ తేయాకు. ఈ రెండును వేర్వేరు జాతి మొక్కల ఆకులని పలువురు తలంతురు. అది సరికాదు. మొక్క యొక్కటియే; కోసిన పిమ్మట చేయు పనిలోనే భేదమున్నది. నల్ల తేయాకునకై ఆకును వాడనిచ్చి, నలిపి, గాలి సోకనిత్తురు. అందుచే రంగు మారును. పచ్చ తేయాకునకై, ఆకును కొలది గంటలు మాత్రము ఆరనిచ్చి, వేడి తగిలించి ఆ మార్పును నిలిపివేయుదురు.

పచ్చ తేయాకులలో పేరుగన్నది లోంగ్‌జింగ్. జెజియాంగ్ రాష్ట్రమున హాంగ్‌జౌ నగరము చెంతనున్న పడమటి సరస్సు ప్రాంతపు కొండవాలులు దీనికి పుట్టినిల్లు. ఏప్రిల్ 5వ తేది ప్రాంతమున వచ్చు చింగ్‌మింగ్ పర్వమునకు ముందు కోసిన లేత చిగుళ్లకు ధర యెక్కువ. వీనిని ఇనుప మూకుడులో చేతితో అదుముచు వేయింతురు; అందుచే ఆకు చదునుగా నుండును. వేడి చాలనిచో పచ్చివాసన వీడదు. మించినచో మాడువాసన పట్టును.

కాచు విధము: ఈ ఆకును నీటిలో వేసి మరగింపరాదు. మరగిన నీటిని దించి, సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లారనిచ్చి, 200 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు చొప్పున వేసి, 2 నిమిషములుంచవలెను. పాలు, చక్కెర అక్కరలేదు. అదే ఆకుపై మరి రెండుమారులు నీరు పోసి త్రాగవచ్చును. నీరు మిక్కిలి వేడిగా నున్నచో చేదును వగరును హెచ్చును.

పరీక్షించు విధము దీనికి భిన్నము. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి 100 మిల్లీలీటర్ల మరగు నీటికి 2 గ్రాముల ఆకు వేసి, 6 నిమిషము లుంచుదురు. పిమ్మట రసము రంగును, వాసనను, నానిన ఆకును చూచి, చెంచాడు రసమును గాలితోకూడ చప్పున జుర్రి, నోట త్రిప్పి యుమియుదురు. ఇంటివాడు గుణమును కోరి త్రాగును. పరీక్షకుడు దోషమును వెదకి త్రాగును. మరగు నీటిలో దోషము దాగదు.

పొగాకు పండించు మన రైతులకు బ్యారనులోని వేడి తప్పినచో ఆకు రంగును ధరయు నెట్లు పడిపోవునో తెలియును. తేయాకు సంగతియు నట్టిదే. సరకు తరగతిని కొనువాడు చెప్పకమునుపే తాను పరీక్షించి యెరిగిన రైతు, చెప్పిన ధరకు తల యూపి రావలసిన పని యుండదు. ఏ పంటకైనను ఈ విద్యను సంఘ సభ్యులు నేర్చుట మేలు.